తోమకూడని అద్దం

దుర్గి,
20 జనవరి 1987

తమ్ముడు చిన్నకోటయ్యకి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామంటే చెయ్యి రాలేదు. మీ బావ ఎడమ కన్ను పోయింది.

కంగారుపడి బస్సెక్కొద్దు. జరిగి రెండు నెలలు దాటింది. నీకు రాయొద్దని ఆయనే అన్నాడు, అందుకే ఆగాను. కార్తీకంలో నంది మూపురం చెక్కుతుంటే ఉలి కింద నుంచి పెచ్చు లేచి కంట్లో కొట్టింది. నలక పడిందనుకుని కొంగు ఊది ఊది పెట్టాను. మర్నాటికి కన్ను ఎర్రగా ఉబ్బితే నరసరావుపేట తీసుకెళ్లాం. డాక్టరుగారు చూసి, "దీని పని అయిపోయింది. రెండోదన్నా కాపాడుకోండి. కంటికి ఏదీ లేకుండా మళ్లీ రాయి ముందు కూర్చునేటట్టయితే నా దగ్గరికి రావద్దు" అన్నాడు.

మాచర్లలో పేతురు దగ్గర వెల్డింగువాళ్ల కళ్లజోడు ఒకటి అడిగి తెచ్చాను. దానికి తెల్ల అద్దాలే ఉన్నాయి, మామూలు గాజు. పెట్టుకుని నాలుగు దెబ్బలు వేశాడో లేదో, పెచ్చు తగిలి ఒక అద్దం నిలువునా చీలింది. మన అదృష్టం, అది పోయిన కన్ను వైపుది. "చూశావటే? ఇంతకుముందు పెచ్చొకటే పడేది. ఇప్పుడు పెచ్చూ పడతది, గాజూ పడతది" అని జోడు విసిరికొట్టాడు.

గురజాల అవతల నుంచి జానకిరామయ్యగారు వచ్చి వాళ్ల ఊరికి ఆంజనేయస్వామి విగ్రహం కావాలన్నాడు. వైశాఖంలో హనుమజ్జయంతికి ప్రతిష్ఠ. మీ బావ ఒప్పేసుకున్నాడు. ఉన్న ఒక్క కన్నూ ఉలికి ఎదురుగా పెట్టి చెక్కుతాడట. ఆయన సుత్తి ఎత్తిన ప్రతిసారీ నాకు ప్రాణం పోయి వస్తోంది. మీ షాపులో పగలని అద్దంతో పని అని కార్డులో రాశావు. నిజమేనా, గొప్పకి రాశావా? నిజమైతే ముఖానికి సరిపడా ముక్క పంపు.

మీ అక్క
నాగులమ్మ

*

బాలానగర్, హైదరాబాదు,
2 ఫిబ్రవరి 1987

అక్కా,

కన్ను పోయిన సంగతి రెండు నెలలు దాచిపెడతావా? నేనేమన్నా పరాయివాణ్ణా? బావ రాయొద్దంటే నువ్వు మానేశావు. అంటే ఆయన కోపం ఆరేళ్లయినా ఆరలేదన్నమాట. పోనీలే.

నేను గొప్పకి రాయలేదు. దాన్ని పాలీకార్బొనేట్ అంటారు. చూడటానికి అద్దమే, జాతికి ప్లాస్టిక్కు. మా షాపులో లేతు మిషన్ల ముందు కట్టే అడ్డాలు దీంతోనే చేస్తాం. ఇనుము కోసేటప్పుడు లేచే తునకలు మనిషికి తగలకుండా అది ఆపుతుంది, పనేమో అవతల నుంచి స్పష్టంగా కనపడుతుంది. లాఠీచార్జీకి పోలీసులు పట్టుకునే డాలు, వీధిదీపాలకు పెట్టే బుడ్డి, ఇక్కడ డబ్బున్న వాళ్ల పిల్లల పాలసీసా, అన్నీ ఈ జాతివే. నేను చేరిన రోజు మా ఉస్తాదు జాన్ సాహెబ్ ఒక ముక్క నా చేతికిచ్చి, "మార్ బేటా, కొట్టు" అని సుత్తి అందించాడు. కొట్టాను. సుత్తి ఎగిరి నా మోకాలికి తగిలింది గానీ ముక్క చీలలేదు. మూలన కూర్చుని మోకాలు రుద్దుకుంటుంటే షాపంతా నవ్వింది.

గాజులో సగం బరువుండదు. ఎండలో మెత్తబడదు. నిప్పు పెడితే పొగ చూరుతుంది గానీ నిప్పు తీయగానే ఆరిపోతుంది. కొలిమి పక్కన పెట్టుకున్నా భయం లేదు. కాకపోతే ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పచ్చబడుతుంది. దీనికి ఇంకో లోపం కూడా ఉంది. సుత్తికి లొంగదు గానీ గోటికి లొంగుతుంది. తొందరగా గీతలు పడతాయి. పొడిగుడ్డతో తుడవొద్దు, రాతి దుమ్ము దాన్ని గీరేస్తుంది. పెట్రోలు, థిన్నరు తగలనీయొద్దు. సబ్బునీళ్లు, మెత్తటి నూలుగుడ్డ, అంతే.

నాలుగు పోస్టుకార్డులు దొంతరపెట్టినంత మందం ఉన్న ముక్క, చాటంత వెడల్పుది, లారీ తోలే యల్లమందతో పంపుతున్నాను. మాచర్ల బండలు ఇక్కడ దించి తిరుగు బండిలో అటే వస్తున్నాడు. వేడి చేయక్కర్లేదు, చేత్తోనే వంగుతుంది. రెండు వైపులా అంటించి ఉన్న కాగితం అన్నీ అయ్యాక ఊడదీయి. పై అంచుకి తువ్వాలు కుట్టి తలకి కట్టించు.

నీ తమ్ముడు
చిన్నకోటయ్య

*

దుర్గి,
17 ఫిబ్రవరి 1987

తమ్ముడికి,

ముక్క చేరింది. చేరిన రోజు మన వీధిలో తిరణాలే. పగలని అద్దమట అని ఉలి పట్టిన ప్రతివాడూ వచ్చాడు. మీ బావ దాని మూలని బండ మీద పెట్టి సుత్తితో ఒక్కటిచ్చాడు. సొట్ట పడింది, పగల్లేదు. ఆ తర్వాత లింగయ్య మామ కొట్టాడు, వాళ్ల అల్లుడు కొట్టాడు, ఎప్పుడూ సుత్తి పట్టని నాంచారమ్మ అత్త కూడా రోకలి తెచ్చి ఒక పోటు వేసింది. ఆ మూలంతా సొట్టలే. మిగతా ముక్క బాగానే ఉంది.

ఇంతా చేసి, పెట్టుకోవయ్యా అంటే మీ బావ ఒప్పుకోలేదు. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, బాధపడకు. "దెబ్బ దెబ్బకీ కళ్లు మూసుకుని, ఆఖరికి ఉలి పారేసి పారిపోయినోడు పంపిన ముసుగు నేను కట్టుకోవాల్నా? రాయికీ నాకూ మధ్యన ఏదీ ఉండకూడదే. అట్టా ఉంటే అది చెక్కుడు కాదు." వీధిలో వాళ్లంతా విన్నారు. లింగయ్య మామ సంతోషంగా తలూపాడు.

నాకూ పౌరుషం వచ్చింది. నువ్వు పెట్టుకోకపోతే నేను పెట్టుకుంటానని, వంటింటి కప్పులో రెండు తాటాకులు తీయించి దాన్ని అక్కడ బిగించాను. ఒరేయ్ తమ్ముడూ, ఏం చెప్పను! మధ్యాహ్నం వంటింట్లో దీపం పెట్టినట్టుంది. ఇన్నేళ్లూ పప్పులో రాళ్లు చేత్తో తడిమి ఏరేదాన్ని, ఇప్పుడు కనపడుతున్నాయి. నాంచారమ్మ అత్త తనకీ ఒకటి కావాలంటోంది.

మిరపకోతలు మొదలయ్యాయి. పొద్దున్నే కూలికి పోతున్నాను. ఆయన ఒంటరిగా ఉండి చెక్కుతుంటాడనే దిగులు చేలో కూడా వదలటం లేదు.

నాగులమ్మ

*

బాలానగర్,
25 ఫిబ్రవరి 1987

అక్కా,

కన్ను కాపాడమని పంపితే కప్పుకి కొట్టుకుంటావా? నీకు వంటింట్లో వెలుగు కావాలంటే ఇంకో ముక్క పంపుతాను, ముందు దాన్ని దించు. నీ ఉత్తరం చదివి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను.

బావ అన్నమాటకి నేనేం బాధపడను. నిజమే గదా. సుత్తి పడ్డప్పుడల్లా నా కళ్లు వాటంతటవే మూసుకునేవి. ఎంత ఆపుకున్నా ఆగేవి కాదు. "కళ్లు మూసుకునేవోడికి రాయేం కనపడతదిరా" అని అందరిముందూ అనేవాడు. భయపడ్డాను, పారిపోయాను. దాన్ని కాదనను.

కానీ రాయికీ తనకీ మధ్యన ఏదీ ఉండకూడదు అన్నాడే, ఆ మాట మాత్రం ఒప్పుకోను. ఇది బావకి చదివి వినిపించు. విగ్రహం అంతా అయ్యాక ఆఖర్న కళ్లు తెరుస్తారు. ఆ మొదటి చూపు తీక్షణంగా ఉంటుందని, అది సూటిగా మనిషి మీద పడకూడదని, విగ్రహానికి ఎదురుగా అద్దం పడతారు. స్వామి ముందుగా తన్ను తాను చూసుకున్నాకే మనల్ని చూస్తాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ బావ తెరిచిన ప్రతి విగ్రహానికీ ఆ అద్దం పట్టింది నేను. ఎందుకురా అనడిగితే, "చూపుకి అడ్డం కావాలిరా, అది పద్ధతి" అని బావే చెప్పాడు. దేవుడి చూపుకి మనం అడ్డం పెట్టుకోవచ్చు గానీ, రాతిపెచ్చుకి మన చూపు ముందు అడ్డం పెట్టుకుంటే తప్పా? జవాబు చెప్పమను.

కప్పు మీది నుంచి దించాక మేకు కంతలు ఉన్నవైపు కత్తిరించేసి, మంచివైపు వాడు.

చిన్నకోటయ్య

*

దుర్గి,
10 మార్చి 1987

తమ్ముడికి,

దించాను. సొట్టల మూలా, కంతల అంచూ కత్తెరతో కత్తిరించి, పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి కుట్టాను. తలకి కట్టుకుంటే గడ్డం కిందదాకా వస్తుంది. పందిట్లో గుంజకున్న మేకుకి తగిలించాను. అది అక్కడే వేలాడుతోంది, ఆయన దాని వంక చూడటం లేదు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. అద్దం సంగతి వచ్చేసరికి ఉలి నూరటం ఆపాడు. ఉలి అక్కడే పెట్టి లేచి పోయాడు. నీకు తెలియని సంగతొకటి చెబుతాను. నువ్వు పోయాక కళ్లు తెరిచేటప్పుడు అద్దం ఎవర్నీ పట్టుకోనివ్వటం లేదు. లింగయ్య మామ అల్లుడు ముందుకొచ్చినా వద్దన్నాడు. ఒక రాయికి ఆనించి నిలబెడతాడు.

ఇప్పుడు కొత్తగా పని చేసేచోట చుట్టూ తడిక కట్టుకున్నాడు. ఎండ కొడుతోందట. పోయినేడు రోహిణికార్తెలో కట్టుకోని మనిషి, ఈయేడు ఫాల్గుణంలోనే కట్టుకున్నాడు. నాకేమీ అర్థం కావటం లేదు. నేను చేలో నుంచి వచ్చేసరికి తడిక తీసేసి చుట్ట కాలుస్తూ కూర్చుంటాడు. నీ ముక్క మీద మాత్రం రోజూ ముగ్గుపిండి చల్లినట్టు రాతి దుమ్ము. వాడని దానికి దుమ్ము కాక ఇంకేం పడుతుందిలే.

నాగులమ్మ

*

దుర్గి,
1 ఏప్రిల్ 1987

తమ్ముడూ,

పెద్ద తప్పు చేశాను. తిట్టేదేదో నువ్వు కూడా తిట్టు.

ఉగాదికి ముందురోజు ఇంట్లో ఉన్న ఇత్తడీ రాగీ అంతా ముందేసుకుని తోముతున్నాను. గుంజకి వేలాడుతున్న నీ ముక్క కనపడింది. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. పండగపూట దాన్ని మాత్రం వదిలేయటమెందుకని, తువ్వాలు విప్పి, చింతపండూ బూడిదా వేసి కొబ్బరిపీచుతో బిందె తోమినట్టు రెండువైపులా బాగా తోమాను. నువ్వు సబ్బునీళ్లని రాసిన సంగతి బుర్రలో లేదు. ఎంత తోమితే అంత మెరుస్తుందనుకున్నాను. కడిగి ఆరబెట్టి చూస్తే మజ్జిగతేటలా ఉంది. అవతల చెయ్యి పెడితే చెయ్యని తెలుస్తోంది గానీ వేళ్లు లెక్కపెట్టలేం.

పోనీలే, ఎటూ వాడటం లేదు గదా అనుకుని మళ్లీ తువ్వాలు కుట్టి తగిలించేశాను.

పండగ మర్నాడు కూలికి బయల్దేరి, కొడవలి మర్చిపోయి మధ్యలో వెనక్కొచ్చాను. తడిక వెనక నుంచి ఒక్కటే కేక. "ఎవరే దీన్ని తోమింది?" తడిక తీసి చూద్దును గదా, మీ బావ తలకి తువ్వాలు కట్టుకుని, నీ ముక్క ముఖం మీదకి దించుకుని, సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మంచు పట్టిన లాంతరులా ఉంది ముఖం.

నేను నవ్వాను. ఏం చేయను, ఆగలేదు. ఆ తర్వాత ఏడ్చాను. నెలరోజుల నుంచీ నేను చేలో ఉన్నంతసేపూ కట్టుకుని చెక్కుతున్నాడట! "మరి నాకెందుకు చెప్పలా?" అంటే, "నీకు చెబితే వాడికి రాస్తావు" అన్నాడు. ఇదిగో, రాస్తున్నాను.

ఇప్పుడు ముఖమూ చేతులూ మిగిలాయి, అంతా సన్నపని. ఆ మసక ముక్కతో ఉలి ములుకు కనపడదు. తీసేసి చెక్కుతానంటున్నాడు, ముహూర్తం దగ్గరపడింది గనక. వెంటనే ఇంకో ముక్క పంపు. ఈసారి బిందెల దగ్గరకి రానివ్వను.

నాగులమ్మ

*

బాలానగర్,
6 ఏప్రిల్ 1987

అక్కా,

చింతపండు కూడానా? బూడిద ఒక్కటి చాలదా?

జాన్ సాహెబ్‌కి చెబితే కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఇన్నేళ్లలో ఎసిడ్ పోసినవాణ్ణి చూశాడట, పెట్రోలుతో తుడిచినవాణ్ణి చూశాడట, చింతపండుతో తోమినవాళ్లని ఇప్పుడే వింటున్నాడట. నవ్వాక మంచిమాట చెప్పాడు. మసక లోపల లేదు, పైన పడ్డ గీతలది. నీళ్లు పడితే గీతల్లోకి చేరి అద్దం మళ్లీ తేటగా కనపడుతుంది. ఆరిపోతే మళ్లీ మసకే. అందుకని కొత్తది వచ్చేదాకా రెండువైపులా తడుపుతూ చెక్కమను. గీతలు పడ్డా దాని గట్టిదనం ఎక్కడికీ పోదు, పెచ్చుని ఆపుతుంది. ఏం చేసినా బావని అది తీయనివ్వొద్దు.

మా దగ్గర ఆ మందంది అయిపోయింది. బొంబాయి నుంచి రావాలి. రాగానే యల్లమందతో పంపుతాను. నేనే తేవచ్చు గానీ రాను. బావకి నా ముక్క పనికొచ్చింది, అది చాలు. నన్ను చూస్తే మళ్లీ పాత సంగతులే వస్తాయి.

చిన్నకోటయ్య

*

దుర్గి,
3 మే 1987

ఒరేయ్ చిన్నకోటయ్యా,

ఇది నేను చెబుతుంటే మీ అక్క రాస్తంది. నేను చెప్పినదే రాయాలని ఒట్టేయించుకున్నా. (వేశాను. కానీ మధ్యలో నా మాట కూడా రాస్తాను. - అక్క)

నువ్వు పంపిన రెండో ముక్క అందింది. బాగుంది. మొదటిది నీకు తిరిగి పంపుతన్నా, యల్లమంద తెస్తాడు. ఎందుకో చెబుతా ఇను.

నువ్వు రాసినట్టే తడుపుకుంటా చెక్కినా. నేనొక్కణ్ణే ఎట్టా తడుపుకునేది? మీ అక్క కూలి మానేసి చెంబుతో నా పక్కన నిలబడింది. ఆరినప్పుడల్లా మొహం మీద నీళ్లు కొట్టేది. (నాకు బాగానే ఉంది. ఇన్నేళ్లలో మీ బావ ముఖాన నీళ్లు కొట్టే అవకాశం ఎప్పుడొచ్చింది!) వీధంతా తడిక మీద నుంచి చూసి నవ్వారు. నవ్వితే నవ్వనీ అని తడిక పీకేసినా. స్వామి గద దగ్గర అంచు తీస్తన్నా. ఆడ రాయి గట్టిది, లోపల తెల్లజీర ఉంది, నాకు తెలవదు. ఒక్క దెబ్బకి శనగబద్దంత పెచ్చు లేచొచ్చి ముక్కకి తగిలింది. టప్పుమంది. (నా చేతిలో చెంబు పడిపోయింది.)

తీసి చూసినా. బయటవైపు తెల్లగా గంటు పడ్డది. లోపలవైపు ఏం లేదు. ముక్క నీకు చేరినాక మొహానికి పెట్టుకుని చూసుకో. ఆ గంటు కుడికన్ను నల్లగుడ్డుకి ఎదురుగా ఉంటది. ఎంటికంత అటూ ఇటూ లేదు. (ఆ పగలంతా ఇద్దరం అన్నం తినలేదు. సాయంత్రం ఆయనే పొయ్యి వెలిగించాడు.)

ఇంకో సంగతి. ఇది మీ అక్కకి కూడా ఇప్పుడే చెబుతన్నా. తడిక కట్టింది నీ ముక్క దాయటానికి కాదురా. అంతకుముందే కట్టినా. కన్ను పోయినాక స్వామి రాయి మొదలుపెట్టిన రోజున, మీ అక్క చేలో ఉంది, సుత్తి ఎత్తంగానే నా కన్ను మూసుకపోయింది. నేను మూయలా, అదే మూసుకపోయింది. ఎంత తిట్టుకున్నా ఆగలా. దెబ్బ పక్కకి పోయి ఒక రాయి ఖరాబయింది. ఇన్నేళ్లు చెక్కినోణ్ణి, దెబ్బ దెబ్బకీ కన్ను మూస్తంటే ఎవరన్నా చూస్తారని తడిక కట్టినా. నీ ముక్క కట్టుకున్న మూడోనాటికి కన్ను నిలబడింది. అందుకే కట్టుకున్నా. నీ ఉత్తరంలో తెలివితేటలకి కాదు. (కొంత దానికి కూడా.)

తప్పయిందని రాయించుకుంటావేమో, రాయించను. (రాయించడు.)

స్వామి అయిపోయాడు. కళ్లే మిగిలినయ్. జయంతికి ముందు శుక్రవారం గురజాల అవతల ఊళ్లో నిలబెట్టినాక తెరవాలి. జానకిరామయ్యగారు మనుషుల్ని పంపుతానన్నాడు అద్దం పట్టటానికి. వద్దన్నా. మా మనిషి ఉన్నాడని చెప్పినా. నువ్వు రాకపోతే ముహూర్తం దాటినా సరే, ఉలి ఎత్తను. ఆళ్లు నన్ను తిడితే నీకే పాపం.

ఆదెయ్య

(ఆయన వేలిముద్ర వేస్తానని పట్టుబట్టి వేశాడు, కోర్టు కాగితం అనుకుంటున్నాడు. రారా. - అక్క)

*

బాలానగర్,
11 మే 1987

బావా,

ముక్క చేరింది. జాన్ సాహెబ్ చూసి, లేతు మిషను పక్కన గోడకి తగిలించాడు. కొత్తగా చేరినవాళ్లకి ఇకపై సుత్తి ఇవ్వడట, దాన్నే చూపిస్తాడట. తగిలించకముందు నువ్వు చెప్పినట్టు ముఖానికి పెట్టుకుని చూసుకున్నాను. గంటు కుడికంటికి సూటిగా ఉంది. చాలాసేపు తీయలేకపోయాను.

బుధవారం యల్లమంద లారీ ఎక్కుతున్నాను. అద్దం నేనే పడతాను. నువ్వు ఉలి ఎత్తినప్పుడు నా కళ్లు మూసుకుపోతాయేమో తెలియదు. మూసుకుపోతే తర్వాత తిట్టు, చెయ్యి మాత్రం కదపను.

అక్కకి ఒక మాట చెప్పు. కళ్లు తెరిచేటప్పుడు పట్టే అద్దం ఆరేళ్లుగా రాళ్లకి ఆని దుమ్ము పట్టి ఉంటుంది, శుభ్రంగా తోమి ఉంచమను. అది అసలు గాజే. బూడిద పెట్టినా ఏం కాదు.

చిన్నకోటయ్య